ఎవరు గొంతుక్కూర్చున్నా రాజుగారికే నొప్పి

ఎదుటివాళ్లు గొంతుక్కూర్చుంటే జగపతిరాజు గారికి మోకాలు నొప్పెట్టేది. ఆయన కూర్చుంటే కాదు, ఎదుటివాళ్లు కూర్చుంటేనే. భీమవరం చుట్టుపక్కల ఇలాంటి రోగం ఇంకొకరికి లేదు. చెరువుగట్టు మీద పనివాడు చతికిలబడితే చాలు, పడక్కుర్చీలో ఉన్న రాజుగారు "చచ్చాన్రోయ్!" అని కుడి మోకాలు పట్టుకునేవారు. ఒక పెళ్లిలో నేలమీద భోజనాల బంతి వేస్తే, నూట యాభై మంది తరఫునా ఆయనొక్కరే మూలిగారు. పెళ్లివారు హడలిపోయి రెండో బంతికల్లా బల్లలు తెప్పించారు.

నిడదవోలులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసేవారు. "శ్రీసత్యా, నేలమీద కూర్చుని కూర తరుగుతున్నావు కదూ? ఎడంకాలు లాగేస్తోంది."

"మంచం మీదున్నాను అన్నయ్యా!"

"అయితే దిగబోతున్నావు. దిగకు."

ఈ పిచ్చికి అందరికంటే ఎక్కువ బెదిరింది తలుపులమ్మ. మొగల్తూరు నుంచి వారానికి రెండుసార్లు చేపలు తెచ్చి ఆ వీధిలోని నాలుగు ఇళ్లకూ అమ్మేది. అమ్మితే సరిపోదు. పెరట్లో గొంతుక్కూర్చుని, కత్తిపీట మీద కాలు వేసి, పొలుసు తీసి ముక్కలు కోసి ఇవ్వాలి. కోసివ్వలేని మనిషిని ఎవరూ పిలవరు. ఆమె మోకాళ్లు రెండూ అరిగిపోయాయని ఏడాది కిందటే డాక్టరు చెప్పాడు. "గొంతుక్కూర్చోకు. అలాగని కదలకుండా ఉండిపోకు, ఇంకా బిగుసుకుపోతాయి. తొడ కండలు గట్టిపడాలి" అని కసరత్తు కూడా చూపించాడు. ఆ చీటీని బియ్యం డబ్బా కింద దాచి, ఎవరికీ చెప్పకుండా పళ్లు బిగించి తిరుగుతోంది. తెలిస్తే ఆ నాలుగు ఇళ్లూ ఇంకో చేపలమ్మి వీరమ్మ ఎగరేసుకుపోతుంది మరి.

ఒకరోజు ఆమె పండుగప్ప చేపతో రాజుగారి పెరట్లో అలా వంగిందో లేదో, లోపలినుంచి కేక వినిపించింది.

"అబ్బబ్బా! నా కాలు!"

"నేనేం చేశానండి?"

"గొంతుక్కూర్చోబోయావు!"

మళ్లీ ఆమె వచ్చేసరికి రాజుగారి తాతగారి టేకు రాతబల్ల పెరట్లో ఉంది. దానికి కత్తిపీట బోల్టులతో బిగించి ఉంది. పక్కన ఎత్తు స్టూలు.

"ఆయ్, చేపని రాతబల్ల మీద కోస్తే నవ్వుతారండి."

"నవ్వనీ. నవ్వితే నా మోకాలికేం కాదు."

అక్కడితో ఆగలేదు. "డాక్టరు నాకేదో కసరత్తు చెప్పాడు, గుర్తుండి చావదు. స్టూలు మీద కూర్చుని కాలు తిన్నగా చాపి పదిదాకా లెక్కపెట్టు. నేను చూసి నేర్చుకుంటా" అనేవారు. ఆమె రెండు కాళ్లూ పదేసిసార్లు చాపేది. ఆయన పేపరు చదువుకుంటూ నేర్చుకునేవారు. రెండు నెలలు గడిచేసరికి తలుపులమ్మ ఆటోలోంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతోంది. రాజుగారికి మాత్రం కసరత్తు రాలేదు.

"మీ రోగం మన గుమ్మం దాటనివ్వకండి" అని భార్య నీలవేణి మొత్తుకున్నా వినకుండా, తలుపులమ్మ వెళ్లే ప్రతి ఇంటికీ ముందే వెళ్లి అరుగుమీద పడి మూలిగేవారు. బల్ల వేయిస్తే గానీ లేచేవారు కాదు.

ఇంతలో ఊళ్లో వైద్య శిబిరం పెట్టారు. డాక్టరు ఎజ్రా, రాజుగారి ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి తిప్పి తిప్పి చూశాడు.

"డెబ్బై ఏళ్లకి ఇంత శుభ్రమైన మోకాళ్లు నేను చూళ్లేదండి. ఇవి అరగలేదు సరికదా, అసలు వాడినట్టే లేవు!"

పక్కింటి శ్రీనివాసరాజు పగలబడి నవ్వాడు. "ఇన్నాళ్లూ ఆటాడించావా బావా! రేపే మా బల్ల తీయించేస్తా. తలుపులమ్మా, ఇక పాత పద్ధతే. కింద కూర్చుని కోద్దువుగాని."

తలుపులమ్మ వరసలో వెనకే నిలబడి ఉంది. రాజుగారు ఆమె మోకాళ్లవైపు ఒక్కసారి చూసి, దొంగలా తల తిప్పుకున్నారు. అప్పుడు అర్థమైంది ఆమెకి. ఆటో దిగేటప్పుడు తను పడే అవస్థ ఎప్పుడో కనిపెట్టి, ఇన్నాళ్లూ తన పరువు పోకుండా తన నొప్పికి ఆయన మూలుగుతున్నారు. ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

"ఆ నొప్పి నాదండి" అంది గట్టిగా. "నా కాళ్లు అరిగిపోయాయండి. ఆయన నా బదులు ఏడుస్తున్నారంతే."

 శ్రీనివాసరాజు నవ్వు ఆపేశాడు. తర్వాత మెల్లిగా వంగి తన మోకాలు పట్టుకున్నాడు.

"ఇదేంటి బావా, నాకూ పట్టేసిందే! తలుపులమ్మా, ఆ బల్ల అక్కడే ఉంటుందిలే."

డాక్టరు ఆయనకీ ఎక్స్‌రే రాయబోతే, బావాబావమరుదులిద్దరూ కలిసి పెన్ను లాక్కున్నారు.