జెలిందా దగ్గిన చోటు

“నీ పుస్తకమే తప్పు నాయనా. అచ్చు వేసినవాడు తాగి వేసుంటాడు,” అంది జెలిందా, చెస్ట్‌నట్ పిండి జల్లిస్తున్న చేతులు ఆపకుండానే.

లీవియో ఒళ్ళోని పుట మీద వేలు తీయలేదు. ఇటలీలోని పిస్తోయా కొండల్లో ఇరవై ఏళ్ళుగా ఉత్తరాలు మోస్తున్న మనిషి. చదువు ఐదో తరగతితో సరి. సంచీ ఖాళీ అయ్యాక ఏదో ఒక ముసలి గడపలో కూర్చుని, వాళ్ళ నోట ఆ పాత కావ్యం వినడమే అతనికి కాలక్షేపం. నరకమూ, పాపాలు కడుక్కునే కొండా, స్వర్గమూ బతికుండగానే నడిచొచ్చినవాడి కథ అది. ఆరువందల ఏళ్ళు దాటింది. గొర్రెలు కాసేవాళ్ళూ బొగ్గు కాల్చేవాళ్ళూ దాన్ని చెవితో నేర్చుకుని నోటితో దాచుకున్నారు. జెలిందాకి సంతకం చేయడం రాదు. వంద సర్గల్లో నలభై ఒకటి మాత్రం గడగడా చెప్పేస్తుంది.

ఆదివారం చర్చి ముందు చెప్పే పోటీ. వేదిక కింద బడిపంతులు పుస్తకం తెరిచి కూర్చుంటాడు. చెప్పేవాళ్ళు ఎక్కడైనా ఆగితే గట్టిగా మాట అందిస్తాడు. మాట అందించుకున్నవాళ్ళు తల దించుకుని దిగిపోవాలి. జెలిందాకి ఎవరూ ఎన్నడూ అందించలేదు. ఈసారి ముళ్ళ అడవి సర్గ చెబుతానంది. ఇన్నాళ్ళూ దాన్ని ఇల్లు దాటనివ్వలేదు, బయట చెప్పొద్దని తండ్రి మాట తీసుకున్నాడట. ఆయన పోయి నలభై ఏళ్ళయింది, తనకీ అరవై దాటాయి, ఇంకా ఎందుకు దాచడం అనుకుంది. సరిచూసి పెట్టమని లీవియోని తనే పిలిచింది.

తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ళు ఆ అడవిలో చెట్లయి ఉంటారు. దారిన పోయేవాడు ఒక రెమ్మ తుంచితే మోడులోంచి నెత్తురూ మాటా కలిసి కారతాయి. జెలిందా గొంతు పెంచదు. పక్కింటి కబురు చెప్పినట్టు చెబుతుంది, దాంతో వినేవాడికి వెన్ను జలదరిస్తుంది. రాకాసి పక్షులు ఆకులు తినే చోట ఆమె చిన్నగా దగ్గి ముందుకెళ్ళిపోయింది. లీవియో వేలి కింద ఆరు పాదాలు అలాగే మిగిలిపోయాయి. అవి వదిలేశావంటేనే పుస్తకం తప్పంది.

ఆ కావ్యం కట్టుబడి అలాంటిది. మూడేసి పాదాలు, నడిమి పాదం చివర పలికిన ప్రాసనే పట్టుకుని తర్వాతి మూడూ మొదలవుతాయి. గొలుసు కడియాల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రెండు కడియాలు జారితే చదువు రానివాడి చెవికీ తెలుస్తుంది. ఇక్కడ ప్రాస అతకడం లేదు కదత్తా అన్నాడు లీవియో.

“అందుకేగా దగ్గేది. నాకు నేర్పిన నాన్న కూడా అక్కడ దగ్గేవాడు. పాఠంలో అదీ ఉంది.”

లీవియోకి నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. తర్వాత జల్లెడ ఆగిపోయింది.

“మొదట్లో దగ్గేవాడు కాదు,” అంది నెమ్మదిగా. “నన్ని పోయాకే. నాకు నేర్పిందీ ఆ తర్వాతే.”

నన్ని ఆమె అన్న. పందొమ్మిదేళ్ళవాడు. ఆమెకప్పుడు తొమ్మిది. ఈ ఊరి మగవాళ్ళందరిలాగే తండ్రీ కొడుకూ చలికాలం సముద్రం పక్క మరేమ్మా అడవులకి బొగ్గు కాల్చడానికి వెళ్ళారు. కావ్యంలో ఆ నరకపు అడవిని పోల్చింది కూడా మరేమ్మా పొదలతోనే. వసంతంలో తండ్రి ఒక్కడే వచ్చాడు, చేతిలో నన్ని టోపీతో. ఫిబ్రవరిలో జ్వరమొచ్చి పోయాడన్నాడు. ఎక్కడ పాతిపెట్టారని తల్లి అడిగితే లేచి బయటికెళ్ళాడు.

జెలిందా పిండి చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని ఇవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. లీవియోకి కాదు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. ఆ ఏడు ఒక బొగ్గుబట్టీ భగ్గున మండి బూడిదైందని ఊళ్ళో అనుకున్నారు. కాపలా నన్నిదేనట, కునుకు తీశాడట. నాన్న నోరు మంచిది కాదు, ఆ రాత్రి వాణ్ణి ఏమన్నాడో.

“జ్వరాలకి భయపడేగా మనవాళ్ళు ఎండలు ముదరకముందే మరేమ్మా వదిలి వచ్చేసేది,” అంది. “ఫిబ్రవరిలో జ్వరమేమిటిరా లీవియో? యాభై ఐదేళ్ళు నాకు తట్టనే లేదు.”

అతనికి పుస్తకం మూసేయాలనిపించింది. చదవమంది. కళ్ళజోడు ఇంట్లో మరిచానన్నాడు.

“ముక్కు మీదున్నదేమిటి మరి? చదువు.”

చదివాడు. చివరి తీర్పు రోజున అందరిలాగే తామూ వదిలేసిన ఒళ్ళు వెతుక్కుంటూ వెళతామని చెట్టు అంటుంది. కానీ తొడుక్కోనివ్వరు. తనంతట తాను విసిరేసుకున్నది మళ్ళీ కావాలనడం న్యాయం కాదు. ఆ ఒళ్ళని ఇక్కడికే ఈడ్చుకొచ్చి, ఎవరి ముళ్ళచెట్టుకి వాళ్ళది వేలాడదీసుకుంటారు.

జెలిందా మళ్ళీ చదవమనలేదు. ఒకసారి వింటే చాలు ఆమెకి. పెదవులు కదిలాయి. ఆరు పాదాలూ లోపలికి వెళ్ళిపోవడం లీవియో చూశాడు. తిరిగి తీసుకోలేని పని చేశానని అప్పుడు తెలిసింది. అది ఒక మనిషి రాసిన పద్యమే కదా, దేవుడి మాట కాదు కదా అన్నాడు. ఆమె చేతుల పిండి దులుపుకుంది.

“చివరి రోజున కూడా వాడి మొహం చూడనన్నమాట,” అంది. “నాన్న ఇది ఒంటరిగా మోశాడు. దగ్గి దగ్గి మోశాడు.”

వేరే సర్గ చెప్పమన్నాడు లీవియో. ఓడ మునిగే సర్గ ఉంది, అందరికీ ఇష్టం. ఆమె తల అడ్డంగా ఊపింది. ముళ్ళ అడవి సర్గే చెబుతుందట. కానీ ఆ ఆరు పాదాలూ తన నోటితో అనదట. అంటే అన్నని తన చేత్తో ఆ కొమ్మకి తగిలించినట్టే. అలాగని నాన్నలాగా దగ్గి కప్పిపుచ్చదట కూడా.

“మరేం చేస్తావత్తా?”

“ఆగుతా.” లేచి తలుపు తీసి పట్టుకుంది. “నువ్వు ఇప్పుడే వెళ్ళి పంతులితో చెప్పు. అక్కడ నేను ఆగుతాను. ఓడానని రాసుకోమను, దిగిపొమ్మంటే దిగిపోతాను. నేను ఎంతసేపు ఆగినా సరే, మాట మాత్రం అందించొద్దను.”