మంచు పేజీ తిప్పేసిన టీచరమ్మ

మా పక్క పోర్షన్‌లో అద్దెకుండిన ఫ్రెంచి టీచరమ్మ చనిపోయింది. పోయిన నెల ఒక పొద్దున నేను ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెడుతుండగా వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మా యక్క పోయింది. మధ్యాన్నం సమాధి చేస్తాండాం. మీ పాపంటే ఆమెకు శానా ఇష్టం, పిల్చకరండి" అన్నాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా చల్లారలేదు. ఇదంతా రాస్తున్నది కూడా అందుకే.

కడపలో ఒకటో తరగతి పిల్లలకు ఫ్రెంచి ఏమిటని మీకు నవ్వు రావచ్చు. మాకూ వచ్చింది. మా పాప చదివే బడివాళ్లు పక్క బడికంటే ఒక మెట్టు పైన కనబడాలని పెట్టారు, అంతే. అది నేర్పడానికి వచ్చిన మనిషిది మంగంపేట. వాళ్ల నాయన ముగ్గురాయిని పిండి కొట్టే మిల్లులో పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. ఈమె కూడా చిన్నప్పుడు బడి లేని రోజుల్లో తల్లి పక్కన కూర్చుని అక్కడే రాళ్లు ఏరింది. తర్వాత చర్చి హాస్టల్లో చదువుకుని, పుదుచ్చేరిలో ఫ్రెంచి నేర్చుకుని మా వీధికి చేరింది. అప్పటికే ఊపిరితిత్తులు బాగాలేవు. ఆ ఊరి దుమ్ములోకి మళ్లీ పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఈ ఉద్యోగం ఉంటేనే ఆమె కడపలో ఉండగలదు. పొద్దునా సాయంత్రమూ తడిబట్టతో ఇల్లు తుడుస్తుంటే నేను ఎగతాళి చేసేదాన్ని. "యాడుంది తల్లీ నీ దుమ్ము, నాకు కనపడదే?" అంటే, "నాకు కనపడతాదిలే అక్కా" అని నవ్వేది.

ఆమె పాఠానికి ఒకటే పద్ధతి. చూడనిదానికీ ముట్టుకోనిదానికీ పేరు చెప్పదు. "చేతిలో పెట్టినాకే పేరు" అనేది. తెలుగులో అర్థం అడిగితే వినపడనట్టు ఉండేది.

మార్చి నెలలో ఒక వారం నాకు బాగా గుర్తుంది. సోమవారం కొత్త కుండతో నీళ్లు తీసుకుపోయి పిల్లలందరికీ తాగించింది. ఆ సాయంత్రం మా పాప చెంబు పట్టుకుని నీళ్లకు నేర్చుకున్న పేరు "లో, లో" అంటూ ఇల్లంతా తిరిగి, సగం నీళ్లు మా అత్త చాప మీద ఒలకబోసింది. మంగళవారం రాయి. తరగతి గది నేలంతా నాపరాళ్లే కాబట్టి పిల్లలు బోర్లా పడుకుని చెంపలు ఆనించి పేరు నేర్చుకున్నారు. యూనిఫాం చూసి నేను అరిచాను. బుధవారం మధ్యాహ్నం మెట్ల మీద ఒక్క క్షణం వట్టి కాళ్లతో నిలబెట్టిందట. "ఇల్ ఫె షో, ఎండగా ఉండాది అని దానికర్థం, నేనే కనుక్కున్నా" అని పాప ఒంటికాలి మీద గెంతుతూ చెప్పింది. ఆ మాట దానికి ఈ జన్మలో మరుపు రాదు.

గురువారం పుస్తకంలో మంచు కురిసే బొమ్మ వచ్చింది. పిల్లలు పేరు అడిగారు. "చూసినారా? నేనూ చూడలే. చూసినపొద్దు చెప్పుకుందాం" అని ఆమె పేజీ తిప్పేసింది.

శనివారం తల్లిదండ్రుల సభ. కొత్త అడ్మిషన్ల కోసం కరస్పాండెంటు గారికి స్టేజీ మీద మంచు కావాలి. పిల్లలు స్వెట్టర్లు వేసుకుని మంచు కురుస్తోందని ఫ్రెంచిలో చెప్పాలి. శుక్రవారం ఆమెను పిలిచి, "మీ ఊర్లో తెల్లపొడి కుప్పలుకుప్పలు ఉంటాది గదమ్మా, రెండు మూటలు తెప్పించు. పైనుంచి చల్లిస్తాం" అన్నాడు. ఆమె కుదరదంది. ఆ సాయంత్రం మా గడపలో కూర్చుని ఎంతసేపటికీ లేవలేదు. "ఉద్యోగం చూసుకో తల్లీ, దూది చల్లిస్తామని చెప్పు" అన్నాను. "దూదైతే సరే అక్కా. ఆ పొడి మాత్రం పిల్లోళ్ల మీద పడనీను. మా నాయన పీల్చింది సాలు" అంది.

చివరికి దూదే చల్లారు. స్వెట్టర్లలో చెమటలు కారుస్తూ పిల్లలు వరసగా నిలబడ్డారు. పక్కనుంచి ఇంకో సారు కాగితం చూసి అందించిన మంచు మాట వాళ్ల నోటికి తిరగలేదు. మా పాపే ముందుగా "ఇల్ ఫె షో!" అని అరిచింది. ఇక అందరూ అందుకున్నారు. ఏమన్నారో తెలియక మిగతా తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు, తెలిసే నేనూ కొట్టాను. కరస్పాండెంటుకూ తెలిసేది కాదు. పిల్లలు స్వెట్టర్లు విప్పి విసనకర్రల్లా ఊపుకోవడంతో తెలిసిపోయింది.

సోమవారానికి ఆమె ఉద్యోగం లేదు. నేను పోయి అడిగాను. "ఫ్రెంచి నేర్పమంటే ఎండ నేర్పుతాంది మేడమ్. ఎండ నేర్చుకోను బడెందుకు, మిద్దెక్కితే సాలదా?" అన్నాడాయన. పక్కనున్నవాళ్లు నవ్వారు. పాపకు ఆ బడి మాన్పించాను. అంతకు మించి నా చేతిలో ఏముంది? ఊళ్లో ఇంకెక్కడా ఫ్రెంచి లేదు. ఏ దుమ్ముకు దూరంగా ఉండమన్నారో ఆ దుమ్ములోకే ఆమె పెట్టె సర్దుకుని పోయింది. అక్కడ చర్చి వరండాలో పిల్లలకు ట్యూషన్ చెప్పేది. ఫోన్ చేస్తే ముందు దగ్గు వినపడేది, తర్వాత మాట. ఎప్పుడూ ఒకటే అడిగేది: "పాప ఏం కొత్తవి ముట్టుకునింది?"

సమాధికి పోతూ బస్సులోంచి చూశాను. బడి గోడమీద ఫ్లెక్సీ అలాగే ఉంది. ఫ్రెంచి నేర్పుతామని పెద్ద అక్షరాలు, కింద ఆమె ఫోటో, ఆమె వెనక మంచుకొండలు. తీసేసిన మనిషితో, పోయిన మనిషితో ఇంకా పిల్లల్ని పిలిపిస్తున్నారు. వాళ్లకు సిగ్గుంటే కదా.

మంగంపేటలో సమాధుల దొడ్డి మిల్లులకు పోయే దారి పక్కనే ఉంది. పాస్టరు ప్రార్థన చేస్తుండగా లారీలు పోతూనే ఉన్నాయి. తెల్లటి పొడి మెల్లగా దిగి శవపెట్టె మీద కప్పిన నల్లగుడ్డ మీద, పూల మీద, మా పాప జడల మీద పడుతోంది. పాప అరచెయ్యి చాపి పట్టుకుని చాలాసేపు చూసింది.

"మా, ఇది మంచా?"

"కాదమ్మా."

"మరి దీన్ని ఫ్రెంచిలో ఏమంటారు?"

చిన్నప్పటి నుంచి ఆమె ముట్టుకున్నది అదే, పిల్లల చేతిలో పెట్టనిదీ అదొక్కటే. వాళ్ల తమ్ముడు భుజం మీది తువ్వాలు తీసి పెట్టె మీద పొడి తుడవడం మొదలుపెట్టాడు. ఈ చివర తుడిచి ఆ చివరకు పోయేలోపు ఇంకో లారీ వచ్చింది.