సింహం కారప్ప

మొన్న పొద్దున పాల ప్యాకెట్ తీసుకుందామని గేటు దాకా వెళ్లి, ఎదురింటి ముందున్న కారును చూసి అక్కడే నిలబడిపోయాను. కారు రోజూ చూసేదే, విత్తనాల కంపెనీలో పనిచేసే ఎదురింటి అబ్బాయి పోయిన ఉగాదికి కొన్న చిన్న తెల్ల కారు. కానీ దాని ముక్కు మీద, రెక్కలు విప్పిన పక్షి బొమ్మతో, నేను జన్మలో చూడని బ్యాడ్జి ఒకటి తళతళలాడుతోంది. కార్ల బ్యాడ్జీలు గుర్తుపట్టడంలో నన్ను మించినవాళ్లు నంద్యాలలో లేరని ఈ డెబ్బై ఏళ్ల వయసులో కూడా లోలోపల గర్వపడేదాన్ని. కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి చూసినా అంతుపట్టలేదు.

మా తమ్ముడి కొడుకును పిలిచి అడిగితే వాడు ఒకటే నవ్వు. అది ఆ కారుది కాదట, ఏదో విదేశీ కారు బ్యాడ్జిని ఫోన్‌లో తెప్పించి అంటించుకున్నాడట. చిన్న కారు అని అత్తగారి ఊళ్లో ఎవరో ఎగతాళి చేశారట, అందుకని ఈ వేషం. దానికే నేను విస్తుపోయి ఉంటే, వాడు తన ఫోన్ తీసి మా వీధి వాళ్ల గ్రూపు చూపించాడు. తెల్లారి ఇంకా కాఫీలు కూడా అయ్యాయో లేదో, ఆ కారు ముక్కు ఫోటో అందులో పడింది, కింద వరసగా పడీ పడీ నవ్వే బొమ్మలు. ఆ అబ్బాయి కూడా అదే గ్రూపులో ఉన్నాడు కదరా అన్నాను. ఉంటే ఏమత్తా అన్నాడు వాడు, నిజంగానే అర్థం కాక. పాల ప్యాకెట్ చేతిలోనే ఉంది, నా మనసు మాత్రం ఆళ్లగడ్డ దగ్గర మా ఊరికి, మా నాయన దగ్గరికి వెళ్లిపోయింది.

మా నాయనకు నల్ల అంబాసిడర్ ఉండేది. నా తరం వాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఊరికొక కారు ఉంటే గొప్ప, ఉన్నవన్నీ ఒకే మాదిరి ఉండేవి, దూరం నుంచి ఎవరిదో తెలిసేది కాదు. అందుకని నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చేసే శిల్పి చేత ఇత్తడి సింహం తల ఒకటి పోయించి, బానెట్ ముక్కు మీద బిగించాడు. అహోబిలం స్వామి మా ఇలవేల్పు మరి. శుక్రవారం శుక్రవారం మా అమ్మ ఆ సింహానికి కుంకుమ పెట్టేది. ఊళ్లో ఎవరికి పురుడొచ్చినా, పాము కరిచినా, వేళ కాని వేళ ఆ కారే కదిలేది. సింహం మలుపు తిరిగి కనపడిందంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. నాయన పేరు చెబితే ఆలోచించేవాళ్లు కూడా సింహం కారప్ప అంటే దారి చూపించేవాళ్లు.

మా చేను పెద్ద రోడ్డు పక్కనే. పొద్దు వాలే వేళ నాయనా నేనూ గట్టు మీద కూర్చుంటే, వచ్చే బండి ఏదో చెప్పమనేవాడు. అక్షరాలు కనపడేదాకా ఆగితే ఓడిపోయినట్టే. ముక్కు చూసి చెప్పాలి, బ్యాడ్జి గుండ్రమా, రెక్కలా, డాలు ఆకారమా అని. లారీలు, జీపులు, కడప వైపు పోయే సర్కారు కార్లు, అన్నీ నాకు అలాగే వచ్చాయి. ఆడపిల్లకు ఈ చదువెందుకని మా అమ్మ విసుక్కునేది, నాయన మీసాల్లో నవ్వుకునేవాడు.

నేను నంద్యాలలో కాలేజీ హాస్టల్లో చేరిన తర్వాత వానలు వరసగా మొహం చాటేశాయి. బావి ఎండింది, ఎద్దులు పోయాయి. కారును బేతంచెర్లలో బండల గని నడిపే ఆయనకు బాడుగకు ఇచ్చాననీ, తాను కూడా బండల బేరం మీద తిరుగుతున్నాననీ నాయన ఇంట్లో చెప్పాడు. పొద్దున్నే తెల్ల పంచె కట్టుకుని బస్సెక్కేవాడు. నా హాస్టల్ ఖర్చుకు ఏనాడూ లోటు రాలేదు కాబట్టి నేను అదంతా నమ్మాను.

ఒక శనివారం స్నేహితురాలిని డోన్ బండి ఎక్కించి నంద్యాల స్టేషన్ బయటికి వచ్చాను. బాడుగ కార్లు వరసగా నిలబడి ఉన్నాయి, అన్నీ అంబాసిడర్లే. ఆ వరసలో ఒకదాని ముక్కు మీద మాత్రం ఓడ బొమ్మ ఉన్న బ్యాడ్జి. ఓడ గుర్తున్న కారు ఎక్కడిదబ్బా! చూసి పోయి నాయనకు చెప్పాలని, ఆ సంబరంతోనే దగ్గరికి నడిచాను. ఓడ చుట్టూ పాత రంగు మీద ఇంకేదో పెద్దది పీకేసిన ఆనవాలు ఉంది, జూలు ఆకారంలో. అది మా సింహం జూలే. తలెత్తేసరికి ఖాకీ చొక్కా వేసుకుని, భుజం మీద మసిగుడ్డతో మా నాయన నిలబడి ఉన్నాడు.

"నువ్వేందీ పాపా ఈడ?" అన్నాడు. నేను ఓడ వైపు చూశాను. "మీ అమ్మకు చెప్పొద్దు. ఊర్లో తెలిస్తే నేను ఆ అరుగుల ముందర నడ్సలేను" అన్నాడు, నా మొహం చూడకుండా. పాత సామాన్ల అంగడిలో దొరికిన ఆ ఓడను బిగించుకుని, సింహం లేకపోతే తనను ఎవరూ పోల్చుకోలేరని ఆయన నిజంగానే నమ్మాడు! బ్యాడ్జి మార్చాడు గానీ మొహం మార్చలేదు కదా అని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడ మామూలు బ్యాడ్జి ఉంటే నేను చూడకుండా పోయి ఉండేదాన్ని. ఎవరికి తెలియకూడదని ఓడ పెట్టాడో ఆ కూతుర్నే అది పిలుచుకొచ్చింది.

అంతలో మా చేనికి పక్క చేను రైతు, ఆపరేషన్ అయిన పెళ్లాన్ని ఆసుపత్రి నుంచి నడిపించుకుంటూ మా ముందుకే వచ్చాడు. రోజూ మా అరుగు మీద కూర్చుని పోయే మనిషి. ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన నాయనను చూశాడు, నన్ను చూశాడు, ఒకసారి ఓడ వైపు చూశాడు.

"ఏం డ్రైవరన్నా, ఆళ్లగడ్డ దావన వస్తావా? ఈ పాప కూడా ఆ పక్కకేనేమో, ఎక్కించుకో" అన్నాడు.

డ్రైవరన్నా! మా నాయనను! చెంప మీద కొట్టినట్టయింది నాకు. ముందు సీట్లో పళ్లు బిగించుకుని కూర్చున్నాను. ఊరు దాటిన తర్వాత వెనక నుంచి ఆయనే మాట కలిపాడు. "మా ఊర్లో ఒగప్ప ఉండాడులే డ్రైవరన్నా, సింహం కారప్ప అంటాం. ఈమెకు తొలి కాన్పు కష్టమైతే ఆయప్పే నంద్యాలకు తోల్కోనొచ్చి బతికించినాడు. ఆయప్ప చల్లంగుండల్లని ఊరంతా అనుకుంటా ఉండాం. దినాలు మారతాయి, వాన రాకుండా యాడికి పోతాది."

అప్పుడు అర్థమైంది నాకు. ఊరంతటికీ తెలుసు. నాయన తన పరువు దాచుకుంటున్నాననుకుంటే, ఆ పరువును ఊరు దాస్తోంది. నాయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, "కనపడితే చెప్తాలే" అన్నాడు. అంతే. ఊరు ఇంకా కాస్త దూరం ఉండగానే ఆ రైతు కారు ఆపించి, పచ్చి ఒళ్లుతో ఉన్న పెళ్లానితో మెల్లగా నడుచుకుంటూ పోయాడు, ఓడ కారు ఊళ్లోకి రావలసిన పని లేకుండా.

వానలు పడ్డాక సింహం మళ్లీ ముక్కెక్కింది. కారు మలుపు తిరిగేసరికి అరుగు మీద అందరికంటే ముందు లేచింది ఆ రైతే. "బాగుండావా అప్పా? శానా దినాలాయె నిన్ను చూసి" అన్నాడు. ఆ మాటకు నాయన కారు దిగి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. మా అమ్మకు ఇదంతా తెలుసో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

నిన్న సాయంత్రం ఎదురింటి అబ్బాయి కారు ముక్కు దగ్గర ముడుచుకుని కూర్చుని, గోటితో జిగురు మరకలు గోకుతున్నాడు. పక్షి లేదు. పైన బాల్కనీలో ఎవరో అప్పటికే ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. ఎదుటివాడి సిగ్గును చూసి కూడా చూడనట్టు ఉండటం మా ఊళ్లో చదువురాని వాళ్లకు కూడా వచ్చేది, అది ఇంత త్వరగా ఎలా పోయిందో ఏమో. గబగబా వెళ్లి ఆ ఫోన్‌కూ అతనికీ మధ్య అడ్డంగా నిలబడ్డాను.

"ఏం నాయనా, ఆదివారం నన్ను ఆళ్లగడ్డకు తీస్కపోతావా? నీ కారు శానా బాగుండాది" అన్నాను.