ఓంకార్ కట్టిన ఆఖరి తలుపు

ఓంకార్ పుట్టింది నగర్తపేటలో. నాలుగు తరాల కిందట బెంగళూరు వచ్చి, గుండీలూ జరీ అంచులూ అమ్ముకుంటూ స్థిరపడిన తెలుగు కుటుంబం. దుకాణం అన్నకు వదిలేసి తను వీడియోగేములు తయారుచేసే కంపెనీలో చేరాడు. ముప్పై ఆరేళ్లొచ్చాయి. ఇంతవరకూ కొన్న ఆటలు మూడువందల పన్నెండు. పూర్తిచేసినది ఒక్కటీ లేదు.

అలాగని సోమరి అనుకోకండి. కొనడంలో అతనికున్న చురుకు, చిక్కపేటలో ఆషాఢం తగ్గింపు చీరల కోసం తోసుకునే జనానికి కూడా ఉండదు. శుక్రవారం కొత్త ఆట కొంటాడు. వీరుడికి మీసం ఉండాలా వద్దా అని తేల్చుకోవడానికే గంటన్నర పడుతుంది. శనివారం రెండు కోటలు పడగొడతాడు. ఆదివారం మూడో కోట గుమ్మంలో రాక్షసుడి చేతిలో నాలుగుసార్లు చచ్చి, "వచ్చే వారం చూద్దాం" అంటాడు. వచ్చే వారానికి ఇంకో ఆట తగ్గింపులోకి వస్తుంది. నెల పోయాక పాతది తెరిస్తే ఏ మీట నొక్కితే వీరుడు దూకుతాడో గుర్తుండదు, సంచిలో ఉన్న మూలిక దేనికో తెలియదు. సిగ్గేసి మూసేస్తాడు. ఎవరైనా అడిగితే మాత్రం "టైమెక్కడుంది గురూ" అంటాడు. టైము లేనివాడు మూడువందల పన్నెండు మీసాలు ఎలా దిద్దాడో మనం అడగకూడదు.

అలాంటివాడికి కంపెనీ అప్పజెప్పిన పని, ఆటకు ముగింపు తయారుచేయడం. ఆట పేరు 'నిద్రపోయిన ఊరు'. ఆడేవాళ్లు ఏడు వీధులు తిరిగి, ఇంటింటా మనుషుల్ని నిద్రలేపుకుంటూ, ఆఖరికి ఒక పెద్ద తలుపు దగ్గరికి చేరాలి. ఆ తలుపు వెనక ఉన్నదంతా ఓంకార్‌దే. రెండేళ్లు దానిమీదే కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే అతను మనసుపెట్టి చేసిన పని అదొక్కటే. ఆట విడుదలైన తొమ్మిది నెలలకు, నూటికి ముగ్గురే తలుపుదాకా వెళ్లారని పైఅధికారి అమరనాథ్ చెబితే ముఖం వాడిపోయింది. పోనీ ఆ ముగ్గురైనా చూశారు కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఒక్కరైనా ఫలానాది బాగుందని చెబితే వినాలని మాత్రం లోపల పీకుతూనే ఉండేది. ఒక విమర్శకుడు 'మూసి ఉన్న ఆ తలుపు మన కాలానికి ప్రతీక' అని రాస్తే, ఏదో గొప్పగా అన్నాడనుకుని ఫోన్లో దాచుకున్నాడు కూడా.

ఒక మంగళవారం ఫిర్యాదుల ఫోను తీసే అమ్మాయి సెలవు పెట్టింది. మధ్యాహ్నం ఫోను అదే పనిగా మోగుతుంటే ఓంకార్ ఎత్తాడు.

"ఏమప్పా, నేను అత్తిబెలె నుంచి సొన్నమ్మని. గార్మెంట్ ఫ్యాక్టరీలో చెకింగు పని చేసి రిటైరయినా. మా పాప సౌమ్య ఈ ఆట కొని రెండో వీధిలోనే ఇడిసిపెట్టె. నేను కడదాకా వచ్చినా. తలుపు తీసేకి బీగంచెవి యాడుండాది?"

"ఆడే యాడో ఉంటాదమ్మా, సరిగా చూడండి."

"ఇరవై దినాలుగా చూస్తానే ఉండా. అన్ని ఇండ్లూ, అటకలు గూడా ఎతికినా. మా ఫ్యాక్టరీలో ఒక్క గుండీ తక్కువున్నా చొక్కాని బయటికి పంపేవాళ్లం కాదు. మీరెట్ల పంపినారప్పా?"

ఓంకార్ కంప్యూటర్లో వెతికాడు. తాళంచెవి నిజంగానే లేదు. మొదటి నుంచి ఆడాలంటే మూడు రోజులు పడుతుందని, పనిచేసిన రెండేళ్లూ అతను అడ్డదారిలో నేరుగా తలుపు ముందే దిగేవాడు. అలా దిగినవాడికి తాళంచెవి దానంతటదే చేతిలో ఉండేది. దాన్ని ఊళ్లో ఎక్కడైనా పెట్టాలన్న సంగతే మరిచాడు. పరీక్షించాల్సినవాళ్లూ అతనిలాంటివాళ్లే. అంటే తొమ్మిది నెలల్లో అతని ముగింపును ఒక్క ప్రాణీ చూడలేదు. వచ్చినవాళ్లంతా తలుపు చూసి, ఇంతేనేమో అనుకుని లేచిపోయారు. ఓంకార్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"తొమ్మిది నెలలకి ఒకే ఒక్క కంప్లైంటా?" అన్నాడు అమరనాథ్. "రికార్డు బ్రో! పార్టీ చేసుకుందాం."

ఓంకార్ అప్పటికప్పుడు తాళంచెవిని మొదటి వీధిలో మొదటి ఇంటి గడప పక్కన పెట్టాడు. అంతకంటే లోపలికి అతనికి దారి తెలియదు. సరిచేసిన ఆటను సొన్నమ్మకు పంపాడు. మర్నాడే ఆమె ఫోను చేసింది.

"తెరిచినానప్పా! నేను లేపిన జనమంతా పంక్తిలో కూచోని ఉండారు. పప్పు, వంకాయ కూర, అన్నీ వడ్డించినారు. నడాన ఒక ఆకు ముందర ఎవురూ లేరు. ఎవురిదబ్బా అని చూస్తే, నాదే. కండ్లల్లో నీళ్లొచ్చినాయి. అది జేసినోడు ఎవురోగానీ సల్లగుండాల."

ఓంకార్ నేనేనమ్మా అనబోయాడు. ఆమె ఆగలేదు.

"మజ్జిగమ్మే ముసలామె నాకు ఎదురుగానే కూచోనుండాది. నాలుగో వీధిలో ఆయమ్మని లేపేకి నాకు రెండు దినాలు పట్టె. నీకెంత సేపు పట్టెనప్పా?"

ఆ ముసలామె బొమ్మను ఎవరో చేసిస్తే తెచ్చి పంక్తిలో కూర్చోబెట్టాడు, అంతే. ఆమె ఎలా నిద్ర లేస్తుందో అతను ఎన్నడూ చూడలేదు. "ఆయమ్మ నాలుగో వీధిలోనా ఉండేది?" అనేశాడు.

"అయ్యో, నువ్వు ఆడనే లేదా?" సొన్నమ్మ గొంతులో నిజంగానే జాలి వినిపించింది. "తీరిక జేసుకోని మొదట్నుంచి ఆడప్పా. నీకూ ఒక ఆకు ఏసింటారు."