తాత తువ్వాలు, బద్వేలు బస్సు

మొన్న ఆత్మకూరు బస్టాండులో నెల్లూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. సంచి సర్దుకునేలోపే బయటినుంచి ఒక తువ్వాలు నా మీదుగా వచ్చి పక్క సీట్లో పడింది. ఎండలో ఆరిన నూలుగుడ్డ వాసన, అందులో చెమట, కొంచెం పొగాకు. వేసిన మనిషి కనిపించలేదు, ముడతలు పడిన చెయ్యి మాత్రం కనిపించింది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు నవ్వొచ్చింది, వెంటనే గుండె దడదడా కొట్టుకుంది. అరవైకి దగ్గరపడిన టీచరమ్మకు తువ్వాలును చూసి గుండె దడ ఎందుకో చెప్పాలంటే మా తాత గురించి చెప్పాలి.

డెబ్బైల చివర మేము కావలిలో ఉండేవాళ్ళం. దసరా సెలవులు ఇచ్చారంటే నా కాళ్ళు నేలమీద నిలిచేవి కావు. అమ్మ నన్ను ఉదయగిరిలో తన పుట్టింట్లో దింపి మర్నాడే తిరిగి వెళ్ళిపోయేది. ఇక ఆ పది రోజులూ నేను, తాత, అవ్వ. తాతకు ఊరి బయట కొంచెం మెట్టచేను, రెండు బర్రెలు ఉండేవి. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. భుజం మీద తువ్వాలు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. దాంతోనే ముఖం తుడుచుకునేవాడు, దాంట్లోనే పెసరకాయలు మూటగట్టి తెచ్చేవాడు, ఎండకు అదే తలపాగా. బస్సు వచ్చిందంటే ముందు ఆ తువ్వాలు ఎక్కేది, తర్వాత తాత ఎక్కేవాడు.

పొద్దున్నే సీతాఫలాలకని కొండవాలుకు తీసుకుపోయేవాడు. దొరికిన కాయనల్లా తెంపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు. కాయ మీది గళ్ళ మధ్య సందులు తెల్లగా విచ్చుకోవాలి, దాన్నే కన్ను విప్పడం అంటారు. కన్ను విప్పని కాయను ఎంత మాగబెట్టినా నల్లబడి రాయవుతుందే గాని పండు కాదు. పది చెట్ల అవతలనుంచే ఏ కాయ కన్ను విప్పిందో ఆయన చెప్పేవాడు. మబ్బు మొహం చూసి వాన చెప్పేవాడు, బర్రె నడక చూసి అది ఈనే రోజు చెప్పేవాడు. నేను నాలుగో తరగతి. నా పుస్తకంలో లేనివన్నీ తెలిసిన మనిషికి పుస్తకంలో ఉన్నవి తెలియవని ఎలా అనుకుంటాను?

సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి నా తెలుగు వాచకం చదివించుకునేవాడు. అమ్మ దగ్గరనుంచి ఉత్తరం వస్తే అదీ నేనే చదవాలి. కళ్ళల్లో ఎండ పడుతోందనేవాడు. ఎండ లేని రోజు చేతికి పేడ అయిందనేవాడు. ఒకసారి అల్లరికి అమ్మ రాయని మాట ఒకటి కలిపి చదివాను, రోజూ పాపకు బెల్లం పెట్టమని. ఆయన కాగితం వైపు చూడనన్నా లేదు, అవ్వను పిలిచి బెల్లం పెట్టించాడు. నా చదువంటే తాతకు ఎంత నమ్మకమో అని పొంగిపోయాను.

ఆ సెలవులన్నిటికీ తలమానికం ఆత్మకూరు ప్రయాణం. పండగకు అవ్వకు గాజులు తేవడం దాని పని. అవ్వ ఎప్పుడూ రాలేదు, బర్రెలను ఎవరు చూస్తారనేది. తన పాతగాజు ఒకటి ఆదికి గుడ్డలో చుట్టి నా చేతికి ఇచ్చేది. ఆ ఏడు ఇస్తూ తాత వైపు తిరిగి గట్టిగానే చెప్పింది. “బిడ్డను ఎక్కడన్నా పోగొట్టినావో, ఇంక మీ ఇద్దరికీ ఈ గడప దాటేది లేదు. కొండా లేదు, ఆత్మకూరూ లేదు.” అవ్వ మాటంటే మాటే. నా సెలవులన్నీ ఆ ఒక్క రోజు మీద నిలబడ్డాయని నాకు తెలుసు.

ఆత్మకూరులో దిగగానే హోటల్లో కారం దోశ. తర్వాత గాజుల సాయిబు దుకాణం. ఆయన ఆది గాజును వేళ్ళమీద తిప్పి చూసి, పచ్చ గాజులు డజను కాగితంలో చుట్టి ఇచ్చాడు, నాకు ఎర్ర రిబ్బను. పన్నెండు కొట్టేసరికి బస్టాండుకు వచ్చాం. తిరుగుబస్సు ఏదో బోర్డు చదివి చెబుతానని నేను ఎగిరాను. తాత నవ్వాడు. “బోర్డు చూసేది కొత్తోళ్ళు పాపా. మన బస్సు ఎప్పుడూ ఆ సోడా అంగడి ముందర వేపచెట్టు కిందనే నిలబడతాది.”

సరిగ్గా వేపచెట్టు కిందికే ఒక బస్సు వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది. జనం తలుపు మీద పడ్డారు. తాత కడ్డీ ఊడిన కిటికీ ఒకటి చూసి ముందు తువ్వాలు విసిరాడు, తర్వాత నన్ను ఎత్తి లోపలికి దూర్చాడు. “సీటు వదలబాక. సోడా తెస్తా,” అని పోయాడు. బస్సు వెనక్కి వచ్చేటప్పుడే దాని బోర్డు నేను చూశాను. బద్వేలు అని ఉంది. స్పష్టంగా చదివాను. కానీ తాత చెప్పాడు కదా, తాత తప్పు పోడు కదా, బోర్డే మార్చడం మరిచిపోయి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంతలో విజిల్ మోగింది. బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే తాత గోలీసోడా సీసా చేత పట్టుకుని, పంచె ఎగ్గట్టి, బస్సు వెనక పరుగెత్తుతున్నాడు. దుమ్ములో కాసేపు కనిపించి మాయమయ్యాడు.

ఏడవలేదు. ఎందుకు ఏడవలేదంటే నాకు పని ఉంది. ఒళ్ళో గాజులు పగలకూడదు, పక్కన తువ్వాలు కదలకూడదు. ఒకాయన సీట్లో కూర్చోబోతే మా తాత వస్తాడన్నాను. ఎక్కడున్నాడమ్మా అంటే వెనక వస్తున్నాడన్నాను. కండక్టరు వచ్చాడు. “ఉదయగిరికి ఒక ఫుల్లు, ఒక ఆఫు. డబ్బులు మా తాత ఇస్తాడు,” అన్నాను. ఆయన నోరు తెరిచి విజిల్ నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. బస్సు బద్వేలుకు పోతోందని నలుగురూ ఒకేసారి చెప్పారు.

మర్రిపాడు దారిలో ఏదో స్టేజీలో బస్సు ఆపారు. కండక్టరు నన్ను దింపి టీ అంగడి ఆవిడకు అప్పగించి పోతానన్నాడు. నేను ముందుసీటు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను. తాత సీటు వదలొద్దన్నాడు, వదలను. ఒకరు పాపం అన్నారు, ఒకరు మొండిఘటం అన్నారు, డ్రైవరు టైమవుతోందన్నాడు. అంతలో వెనక హారను. ఆగని హారను. లారీ ఒకటి బస్సు పక్కకు వచ్చి ఆగింది, దాని మీదనుంచి తాత దిగాడు. ఒళ్ళంతా దుమ్ము. చేతిలో సోడా సీసా, మూతి మీద బొటనవేలు. నాకు ఒక్కసారిగా ఎంత సంతోషం వచ్చిందంటే, ఆ తర్వాత జీవితంలో ఎన్ని శుభవార్తలు విన్నా అంతటిది రాలేదని ఇప్పటికీ అంటాను. ఆయన బస్సెక్కి, నేను కాపాడిన సీట్లో తువ్వాలు తీసి భుజాన వేసుకుని, ఒక్క క్షణం కూర్చున్నాడు. బస్సంతా నవ్వింది. తర్వాత నన్ను ఎత్తుకుని దిగాడు.

తిరుగుబస్సు కోసం సజ్జచేను గట్టున కూర్చున్నాం. సోడాలో గ్యాసు పోయి ఉత్త నీళ్ళు మిగిలాయి, అయినా ఆఖరి చుక్కదాకా తాగాను. తాగాక ఏడుపు వచ్చింది. అవ్వకు తెలిస్తే ఇంక కొండ లేదు, ఆత్మకూరు లేదు, తాతతో తిరగడమే లేదు. దానికంటే పెద్దది ఇంకొకటి కడుపులో ఉంది. “బోర్డు మీద బద్వేలు అని ఉండింది తాతా. నేను చదివినా. నువ్వు చెప్పినావు కదా అని ఊరకున్నా,” అన్నాను.

ఆయన ఒక సజ్జకంకి తుంచి అరచేతిలో నలిపాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు. “నాకు చదవను రాదు పాపా. మీ అవ్వకు తెలుసు, మీ అమ్మకూ తెలుసు. నీకు ఒక్కదానికే తెలవనీలేదు. నీ ముందర తక్కువైపోతానని.” గింజలు నా చేతిలో పోసి, “తెలిసింది నోట్లోనే పెట్టుకోబాక. పెద్దోడు తప్పు పోతా ఉంటే చెప్పాల,” అన్నాడు.

ఎండలు, పేడ చేతులు, బెల్లం ఉత్తరం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బెల్లం సంగతికి సిగ్గుతో చచ్చిపోయాను. తాత తక్కువ కాలేదు. నాకే ఆయన మీద ఉన్నట్టుండి ఇంకా ఇష్టం పెరిగిపోయింది, ఆ దుమ్ముపంచెను కరుచుకుని కూర్చున్నాను.

ఆత్మకూరులో సీసా సోడా అంగడికి అప్పగించి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. దాచిపెడదామని నేను దారిపొడుగునా బతిమాలాను. తాత చెప్పు విప్పకముందే అంతా అవ్వకు చెప్పేశాడు. అవ్వ నన్ను తల నుంచి కాలిదాకా తడిమి చూసింది, గాజుల పొట్లం తీసుకుని లోపలికి పోయింది. మూడు రోజులు తాతతో మాటలేదు, కొండ ఊసు లేదు. నేను గడప దగ్గర కూర్చుని కొండను చూస్తూ ఉండిపోయాను.

నాలుగో రోజు పొద్దున అవ్వ తలదువ్వుకుని, పెట్టెలోని చీర కట్టుకుని బయటికి వచ్చింది. బర్రెలను పక్కింటికి అప్పజెప్పానంది. “నేను చెప్పిన పచ్చ ఇది కాదు. నేనే వచ్చి మార్చుకుంటా. మీ ఇద్దరినీ నమ్మేదానికి లేదు,” అంది. అవ్వ అడిగింది వేపాకు పచ్చే, ఆ గాజులు వేపాకంత పచ్చగా ఉన్నాయి. తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నేను అరిచిన అరుపుకు పక్కింటి బర్రెలు కూడా తలెత్తి చూశాయి.

పెళ్ళైనాక అవ్వ గాజుల దుకాణంలో కూర్చుని తన చేతికి తానే గాజులు ఎంచుకోవడం అదే మొదటిసారట. సాయిబు తొడుగుతుంటే చిన్నపిల్లలా చెయ్యి చాచి కూర్చుంది. కారం దోశ తిని నీళ్ళు తాగి, ఇంకోటి తెప్పించుకుంది. బస్టాండుకు వచ్చాక తాత నడక కొంచెం నెమ్మదించింది. వేపచెట్టు కింద ఒక బస్సు ఉంది. ఆయన దాని వైపు చూస్తూ నిలబడ్డాడు, తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు గాని వేయలేదు.

అప్పుడు నేను చదవడం మొదలుపెట్టాను. ముందు సోడా అంగడి పేరు. తర్వాత క్షౌరశాల, సైకిల్ షాపు, గోడమీద పళ్ళపొడి ప్రకటన. కొత్తగా చదువొచ్చిన పిల్లలు కనిపించిందల్లా అరిచి చదువుతారు కదా, అలాగే, ఎవరికోసమూ కానట్టు. ఆ వరసలోనే బస్సు బోర్డు కూడా చదివేశాను. “ఆత్మకూరు, ఉదయగిరి.” తాత గొంతు సవరించుకున్నాడు. తువ్వాలు కిటికీలోంచి లోపలికి పోయింది. నా వైపు మాత్రం చూడలేదు. అవ్వ నా రిబ్బను సరిచేస్తున్నట్టు తల నిమిరింది.

ఆ తర్వాత ఎన్నో దసరాలు ముగ్గురం కలిసి తిరిగాం. నేను హైస్కూలుకు వచ్చినా, కాలేజీకి వచ్చినా, ఆయనతో రోడ్డెక్కితే బోర్డులన్నీ పైకే చదివేదాన్ని. ఆయన పోయి చాలా ఏళ్ళైంది, అలవాటు పోలేదు. ఈ వయసులో ఇదేం చాదస్తమని మా పిల్లలు నవ్వుతారు.

మొన్న పక్క సీట్లో తువ్వాలు అలాగే ఉంది, మనిషి ఇంకా ఎక్కలేదు. కిటికీలోంచి చూస్తే పెద్దాయన ఒకరు తలుపు దగ్గర సందు కోసం చూస్తున్నారు. నేను నా టికెట్టు కళ్ళకెదురుగా పెట్టుకుని, ఎవరితోనూ కానట్టు, గట్టిగా చదివాను. “ఆత్మకూరు నుంచి నెల్లూరు.” కాసేపటికి అదే చెయ్యి కిటికీలోంచి మెల్లగా లోపలికి వచ్చి తువ్వాలు తీసుకుపోయింది. ఆయన అటుపక్క ఆగి ఉన్న బద్వేలు బస్సు వైపు నడిచారు. నా వైపు చూడలేదు. మా తాత కూడా చూసేవాడు కాదు.