మా మామయ్య కొట్టులో ఎండ

పోయిన వారం చీరాల వెళ్లినప్పుడు, మా ఆవిడ అలవాటు ప్రకారం ఒక ఆకుపచ్చ చీర మడత విప్పుకుని కొట్టు నడిమధ్యకు నడిచి, కొంగు భుజాన వేసుకుని తలెత్తి పైకి చూసింది. పైన ఆకాశం లేదు. తెల్లటి సీలింగు, దాని నిండా గుండ్రటి లైట్లు ఉన్నాయి. ఆమె నా వంక చూసింది, నేను నేల వంక చూశాను. ఆ కొట్టు మా మేనమామది. ఒకప్పుడు ఆ కప్పు తీయించి ఎండ దింపినవాణ్ణి నేను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంటీరియర్ డిజైనర్ అనే మాట మన వైపు ఇంకా రాలేదు. గుంటూరులో డ్రాయింగు నేర్చుకుని, షాపు డెకరేషన్ చేస్తానంటూ తిరుగుతున్న నా గురించి మా అమ్మ చుట్టాలతో, వీడు పెళ్లి పందిళ్లు వేస్తాడని చెప్పుకునేది. అలాంటి నాకు మొదటి పని ఇచ్చింది మామయ్యే. ఇంట్లో మగ్గాల మీద నేసిన చీరలు తప్ప వేరేవి అమ్మేవాడు కాదాయన. అద్దాలూ ట్యూబులైట్లూ దట్టించి బొమ్మలు గీసుకుని, ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చుని చూస్తుంటే నాకొక సంగతి కనిపించింది. చీర ఎంత నచ్చినా ఏ ఆడమనిషీ లోపలే బేరం తెంపడం లేదు. కొంగు పట్టుకుని గుమ్మం దిగి, మురుగు కాలవ దాటి, ఎండలో నిలబడి రంగు చూసుకున్నాకే మళ్లీ లోపలికి వెళుతోంది. రెండో చెంగు పట్టుకుని మామయ్య వెనకాలే పరుగు, సైకిళ్లకూ గేదెలకూ చీర తగలకుండా. గీసిన బొమ్మలన్నీ చింపేసి, ఆ వీధిలోని ఎండనే కొట్టులోకి తెద్దామన్నాను.

"ఒరేయ్ అల్లుడూ, వానాకాలం నా చీరలు ఎక్కడ ఆరేసుకోమంటావురా?" అని మామయ్య గొడవ పెట్టుకున్నాడు గానీ, చివరికి సరేనన్నాడు. నడిమధ్య పెంకులు తీయించి మందపాటి గాజు పలకలు వేయించాను. గోడ రంగు చీర మీద పడకూడదని సున్నం తప్ప ఇంకేమీ పూయనివ్వలేదు. కింద పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు, అంతే. బోర్డు మీది పేరు ఎవరూ చదివిన పాపాన పోలేదు. చుట్టుపక్కల పెళ్లిళ్లవాళ్లు బస్సు దిగి, ఎండపడే కొట్టు ఎక్కడని అడుగుతూ వచ్చేవారు. తన చీర ఎండకు భయపడదని చెప్పుకోవడానికి మామయ్యకు వేరే ప్రకటన అవసరం లేకపోయింది.

ఆ పేరు మీదే చిలకలూరిపేట, అద్దంకి కొట్లవాళ్లు నన్ను పిలిచారు. గుంటూరులో ఒక మిర్చి కమిషన్ వ్యాపారి, సరుకు చూపించే గది నిండా ఎర్రరంగు వేయమన్నాడు. అలా వేస్తే రంగు పోయిన తాలుకాయలు కూడా ఎర్రగానే కనపడతాయి కదండీ అంటే, పకపకా నవ్వి, అందుకేగా వేయమంది అన్నాడు. ఆ పని వదులుకుని ఇంటికొచ్చి, మా ఆవిడకు చెప్పి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. అలాంటివాడు ఊరికొక్కడే ఉంటాడనుకునే వయసు అది.

మామయ్య పోయాక కొట్టు చూసుకుంటున్నది ఆయన కొడుకు, నాకు బావమరిది. ఒంగోలులోనూ గుంటూరులోనూ బ్రాంచీలు తెరిచాడు. పట్నం నుంచి వచ్చిన కంపెనీవాళ్లు అన్నిటికీ ఒకే నీలం గోడలు, ఒకే బంగారు అంచు, ఒకే రకం లైట్లు పెట్టారట, అదే బ్రాండట. నేను చేసినవాటిలో మిగిలింది ఆ సీలింగు పైన దాగిన గాజు కప్పు ఒక్కటే, తక్కినవన్నీ ఎప్పుడో కూలగొట్టేశారు. అందుకే సిగ్గు విడిచి, ఒక్క గాజు పలకైనా తెరిపించరా అని బతిమాలాను. వాడు నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, గొంతు తగ్గించాడు.

"బావా, నీ దగ్గర దాపరికమెందుకు? ఇప్పుడున్నవి మన మగ్గాల సరుకు కాదు. ఆ ఎండ కింద పెడితే ఒక్క చీరా కదలదు."

గాజు మూసేశారని కదా అంతదాకా నా ఏడుపు. ఆ గాజు కింద నిలబడగల చీరే కొట్టులో లేదని అప్పుడు తెలిసింది. ఇక తెరిపించి మాత్రం ఏం లాభం? ఇన్నేళ్లు నేను చేసిన పనంతా వృథా అనిపించింది, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా అలాగే అనిపిస్తోంది.

వట్టి చేతులతో రాలేక మా ఆవిడ ఆ ఆకుపచ్చ చీరే తీసుకుంది. వీధిలోకి పట్టుకెళ్లి ఒక్కసారి చూసుకుంటానంటే, గుమ్మం దగ్గరి సెక్యూరిటీ అతను, బిల్లు కాకుండా బయటికి తీసుకెళ్లకూడదమ్మా అన్నాడు. బిల్లయ్యాక గుమ్మం దిగి, కాలవ దాటి, సంచిలోంచి కొంగు లాగి ఎండకు పట్టింది. అది ఆకుపచ్చ కాదు, నీలం కలిసిన ఏదో వెలిసిన రంగు. పక్కనే మరో ఇద్దరు ఆడవాళ్లు కూడా, మామయ్య కాలంలో నిలబడిన ఆ చోటే, కొత్త చీరలు ఎండకు పట్టుకుని నిలబడి ఉన్నారు. అప్పట్లో చూసి కొనేవారు, ఇప్పుడు కొని చూస్తున్నారు. మా ఆవిడ చీర మడిచి సంచిలో పెట్టుకుని, బస్సుకు వేళవుతోంది పదండి అంది.