మోరిల పెట్రోలు, అర్రల నిప్పు

దునియంత కొట్లాడుకునే పెద్ద లడాయి నడుస్తున్న దినాలు. అమీర్‌పేటకెళ్ళి పంజగుట్టకు పొయ్యే తొవ్వ పక్కనే మా ఇల్లు. ముందర అర్రల మా ఆయన కుట్టుమిషను. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ధడేల్‌మని చప్పుడైంది. ఉరికొచ్చి చూస్తే ఏముంది! లారీ ఒకటి గుంతల పడి ఒరిగింది. మీదున్న పీపా కిందపడి పలిగి, పెట్రోలు బుడబుడ పారుతుంది.

వాసనకు నాకు తల తిరుగుతుంటే మా వాడకట్టోళ్ళకు మాత్రం పండుగే! గ్యాసునూనె దొరకక దీపం సుత పెట్టుకోని రోజులాయె. చెంబులు, బకీట్లు, ఏది దొరికితే అది పట్టుకొని ఉరికిండ్రు. లారీ డ్రైవరు చేతులు అడ్డం పెట్టి ఒర్లుతుండు. "దూరం పోండ్రి భాయ్! బీడీలు ఆర్పుండ్రి! గిది దీపంల పోసేది కాదు, జర నిప్పు తగిలినా గుప్పుమంటది!"

ఎవ్వలు వింటరు? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సచ్చేటట్టున్నరు, ఇండ్లల్లకు నడువుండ్రి!" అని చీపురు తీస్కొని ఎంటవడ్డ. డ్రైవరు మాటకు కదలనోళ్ళు నా చీపురుకు కదిలిండ్రు.

గంతల ఎదురింటామె, వాసన పోతదని బిందెడు నీళ్ళు కుమ్మరించింది. పెట్రోలు నీళ్ళ మీద తేలుకుంట సర్రున మురికినీళ్ళు పారే మోరిల పడ్డది. "నీళ్ళొద్దమ్మా, మట్టి వెయ్యుండ్రి!" అని డ్రైవరు నెత్తి కొట్టుకున్నడు. ఆ మోరి మా ఇంటి గోడ వెంబడే పోతది. ఆ గోడ అవతలి అర్రల నా ఆడిబిడ్డ పచ్చి బాలెంత, పక్కల వారం కింద పుట్టిన పసిగుడ్డు. మంచం కింద నిప్పుల కుంపటి.

ఆ అర్రల నేను అడుగు పెట్టొద్దని మా అత్త ఆన. నాకు పుట్టినోళ్ళు ఇద్దరు నా చేతులల్లనే పోయిండ్రు. అందుకని నా నీడ ఆ బిడ్డ మీద పడొద్దట! తలుపు బయట నిలబడి ఏడుపు ఇన్నదే గని, ఆ మొఖం ఎట్లుంటదో చూడలే.

ఇగ ఆన లేదు, గీన లేదు. మా ఆయన, డ్రైవరు పారలు అందుకొని మోరికి మట్టికట్ట వేస్తుంటే, నేను కొంగుల మట్టి ఎత్తుకొని లోపలికి ఉరికిన.

చూస్తే అత్త కుంపటి పట్టుకొని గడప దాటబోతుంది! పురుడు చేసేదాక ఆ నిప్పు ఆరొద్దని మా దిక్కు పట్టింపు. లొల్లి విని, నిప్పును పదిలంగ పక్కింట్ల పెట్టి రావాలనుకున్నదట. పెట్రోలు పారుతున్న తొవ్వలకు!

"నీకు దండం పెడ్త, ఆగు అత్తా!" అని అడ్డం పడి, కొంగుల మట్టంత కుంపట్ల కుమ్మరించిన. నిప్పు ఆరింది.

"ఎంత పని చేస్తివే!" అని అత్త గుండెలు బాదుకున్నది.

"తిట్టుడు తర్వాత. వాసన లోపలికి కొడుతుంది, పెరటి తలుపుకెళ్ళి పోదాం నడువు."

ఆడిబిడ్డ లేచి నిలబడితే కాళ్ళు గజగజ వణుకుతున్నయి. అత్త రెండు చేతులతోని ఆమెను పట్టుకున్నది. మరి బిడ్డను ఎవ్వలు ఎత్తుకోవాలె? అత్త నా దిక్కు చూసింది. నేను అడగలే. ఎత్తుకున్న.

గాలి మాదిక్కు వాసన తేని వైపు చూసుకొని, మక్కచేను గట్టు మీద కూసున్నం. తొవ్వ మీద, మోరిల మట్టి కప్పి, వాసన తగ్గేదాక డ్రైవరు ఎవ్వల్ని దగ్గరికి రానియ్యలే. ఆ పూట వాడల పొయ్యి వెలగలే, బీడీ ముట్టలే. ఎవ్వలకేం కాలే!

అత్త కూతుర్ని సదిరి కూసోవెట్టి, నా ముందరికొచ్చి చేతులు చాపింది. నాకు ఇయ్యబుద్ధి కాలే. సిగ్గెందుకు, నిజంగనే ఇయ్యబుద్ధి కాలే. బిడ్డను ఇంకింత దగ్గరికి పట్టుకున్న.

అత్త చాపిన చేతులతోని బిడ్డ తలమీద గుడ్డ సర్దింది.

"ఎండ కొడుతుందే," అన్నది. "నీ నీడ పిల్ల మీద పడేటట్టు జర ఇటు తిరుగు."